నూనె డబ్బాలో గ్లాసెడు నీళ్లు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక నోటీసు పెట్టారు. "ఈ వేసవి నుంచి ఎనిమిదేళ్లలోపు పిల్లలు చేతి ఫ్లోట్లు లేకుండా స్విమ్మింగ్ పూల్‌లోకి దిగకూడదు. తల్లిదండ్రులు సహకరించగలరు." దాని కింద వరసగా దణ్ణాలు, బొటనవేళ్లు. ఒకావిడ "మంచి నిర్ణయం, ఇక నిశ్చింతగా ఉండొచ్చు" అని రాశారు. ఆ "నిశ్చింతగా" అన్న మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

నోటీసు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. వాళ్లలో ఇద్దరు నాకు బాగా తెలుసు, పిల్లలంటే ప్రాణం పెట్టే మనుషులు. అయినా నేను దీనికి ఒప్పుకోలేకపోతున్నాను. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెబితే గొడవలా వినిపిస్తుందని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. పోయిన వేసవిలో మా పాప ప్రాణం మీదికి వచ్చింది. ఆ మూడు వారాలూ దాని చేతులకు ఫ్లోట్లు ఉన్నాయి. అది నీళ్లలోకి దూకింది మాత్రం అవి తీసేశాక.

పోయిన మే నెల

దానికప్పుడు నాలుగేళ్లు. నారింజ రంగు ఫ్లోట్లు, నోటితో గాలి ఊది భుజాల దాకా ఎక్కించేవి, ఆన్‌లైన్‌లో కొన్నాను. మొదటి రెండు రోజులు నీళ్లంటే ఏడ్చింది. మూడో రోజుకి గట్టు మీద నుంచి దూకడం మొదలుపెట్టింది. దబ్బున దూకేది, బుడుంగుమని మునిగేది, అంతలోనే పైకి తేలి మొహం తుడుచుకుని నవ్వేది. మళ్లీ ఎక్కేది, మళ్లీ దూకేది. నేను గట్టు మీద కుర్చీలో కూర్చుని వీడియోలు తీశాను. "నీ కూతురు చేపపిల్లే" అని మా అక్క మెసేజ్ పెట్టింది.

అలా మూడు వారాలయ్యాక ఒక రోజు సాయంత్రం ఇంటికి బయల్దేరదామని ఫ్లోట్లు ఊడదీశాను. వాల్వు నొక్కితే గాలి మెల్లగా పోతుంది కదా, రెండూ ఒళ్లో పెట్టుకుని గాలి పిండుతున్నాను. పాప చేతిలో బిస్కెట్ పెట్టాను. నాకూ దానికీ మధ్య పదడుగులుంటాయేమో. బిస్కెట్ తినేసింది, గట్టు దాకా నడిచింది, రోజూ దూకినట్టే నాలుగడుగుల లోతు వైపు దూకేసింది. నీళ్లు చిందిన చప్పుడు నాకు వినబడింది. ఎవరి పిల్లలో అనుకున్నాను. ఆ తర్వాత ఇంకే చప్పుడూ లేదు.

పక్క బ్లాకులో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి అప్పటికి నీళ్లలోనే ఉంది. ఆ పిల్లే చూసి రెండు చంకల కింద చేతులు వేసి పైకెత్తింది. మొత్తం కలిపి పది సెకన్లు కూడా అయ్యుండదు. పాప దగ్గింది, నీళ్లు కక్కింది, తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

రాత్రి పడుకోబెడుతుంటే అడిగింది: "అమ్మా, ఇవాళ నీళ్లు నన్నెందుకు పట్టుకోలేదు?"

నేనేం జవాబు చెప్పగలను? దాని లెక్కలో మూడు వారాలుగా దాన్ని పట్టుకున్నది నీళ్లే. చేతులకున్న ఆ నారింజ బుడగలు దానికి చొక్కా లాంటివి, వేసుకున్నప్పుడు ఉంటాయి, లేనప్పుడు ఉండవు, అంతే. దూకితే నీళ్లు పైకి తెస్తాయని దానికి నేర్పింది నేను. రోజుకి పాతికసార్లు, మూడు వారాల పాటు, వీడియో తీస్తూ నేర్పాను.

నా మొదటి అభ్యంతరం ఇదే. నాలుగేళ్ల పిల్లకి నీళ్లంటే ఉండాల్సిన భయాన్ని ఫ్లోట్లు తీసేస్తాయి, ఈత మాత్రం రానివ్వవు. భయం పోయి ఈత రాని పిల్లకంటే, భయం ఉండి ఈత రాని పిల్లే నీళ్ల పక్కన క్షేమం.

డబ్బా కథ

నేను ఈత నేర్చుకున్నది జనగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, వ్యవసాయ బావిలో. ఏడేళ్లు నాకు. ఆడపిల్లకి ఈత ఎందుకని అమ్మమ్మ గొణిగినా మామ వినలేదు. మామ చిన్నప్పుడు వాళ్లకి సొరకాయ బుర్రలు, బెండు కట్టెలు కట్టేవారట. మా కాలానికి ఐదు లీటర్ల నూనె డబ్బా వచ్చింది. మూత బిగించి, డబ్బాని వీపుకి అడ్డంగా పెట్టి, పాత చీర చింపిన గుడ్డతో పొట్ట చుట్టూ కట్టేవాడు. నడుముకి విడిగా చేదతాడు. దాని రెండో కొస మామ మణికట్టుకి చుట్టి ఉండేది. మామ ఎప్పుడూ గట్టు మీద నిలబడలేదు, నాతో పాటు నీళ్లలోనే ఉండేవాడు.

ఒక విషయం మాత్రం నాకు వింతగా ఉండేది. డబ్బాని నేను నీళ్లలోకి దిగాకే కట్టేవాడు, నీళ్లలో ఉండగానే విప్పేసేవాడు. గట్టు మీద ఎన్నడూ కట్టలేదు. నేనూ అడగలేదు. ఇరవై రోజుల తర్వాత ఒక పొద్దున ఈ దరి నుంచి ఆ దరికి ఆగకుండా ఈది వచ్చాను. మామ ఆ రోజు డబ్బా విప్పలేదు, "అట్లనే మెట్లెక్కు బిడ్డా" అన్నాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి లేవబోతే వీపు వెనక్కి లాగేసింది. రాయి కట్టినంత బరువు. మూత తీసి చూపించాడు. డబ్బా నిండా నీళ్లు.

రోజుకి గ్లాసెడు పోస్తూ వచ్చాడట. మొదటి రోజు డబ్బా అంతా గాలే, ఐదు కిలోల దాకా నన్ను మోసింది. మర్నాడు దాంట్లో ఒక గ్లాసు నీళ్లు, ఆ మర్నాడు రెండు. గాలి తగ్గిన కొద్దీ నా కాళ్లూ చేతులూ ఆ పని అందుకుంటూ వచ్చాయి, నాకు తెలియకుండానే. నీళ్లతో నిండిన డబ్బా నీళ్లలో ఎవర్నీ మొయ్యదు. చివరి రోజు నన్ను మోసింది నేనే.

పిల్లలకి తేలే వస్తువు కట్టడం తప్పని నేననడం లేదు. అది రోజురోజుకీ తగ్గిపోవాలి. తగ్గించే మనిషి పక్కనే నీళ్లలో ఉండాలి. మనం కొనే గాలి ఫ్లోట్లతో ఈ రెండూ కుదరడం లేదు. వేసవి మొదటి రోజు ఎంత గాలి ఊదామో చివరి రోజూ అంతే ఊదుతాం. మనం గట్టు మీద ఉంటాం.

ఇంకో తేడా ఉంది. డబ్బా వీపు మీద ఉండటం వల్ల ఒళ్లు నీళ్ల మీద బోర్లా, చాప పరిచినట్టు ఉండేది. ఈతకి కావాల్సిన భంగిమ అదే. చేతి ఫ్లోట్లు భుజాలని పైకెత్తుతాయి, కాళ్లు కిందికి వేలాడతాయి. పిల్ల నిలువుగా నిలబడి సైకిల్ తొక్కినట్టు కాళ్లాడిస్తుంది. వారాల తరబడి ఒంటికి అదే అలవాటవుతుంది. నీళ్లలో మునిగిపోతున్న మనిషి కూడా ఇలాగే నిలువుగా ఉంటాడు, చేతులతో నీళ్లని కిందికి నొక్కుతూ. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ ఈ సంగతిని ఏళ్ల తరబడి గమనించి రాశాడు. మునిగేవాళ్లు అరవరు, చెయ్యి ఊపరు, ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇరవై నుంచి అరవై సెకన్లలో అయిపోతుంది. సినిమాల్లో చూపించే "కాపాడండి" అన్న కేకలు అసలు ఉండవు. మా పాప దూకాక చప్పుడు లేకపోవడం గురించి ఇది చదివాకే నాకు అర్థమైంది.

బావిని నేను పొగడటం లేదు

ఇక్కడ ఒకటి చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే. నేను ఈత నేర్చుకున్న మూడేళ్లకి అదే బావిలో ఒక పిల్లవాడు పోయాడు. మా కంటే రెండు తరగతులు పెద్ద. మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ ఒక్కడే వచ్చాడు, డబ్బా తనే కట్టుకున్నాడు. ముడి జారింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకి డబ్బా నీళ్ల మీద తేలుతూ కనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మామ ఎవరికీ ఈత నేర్పలేదు.

ఇప్పటికీ ప్రతి వేసవిలో పేపరు తెరిస్తే అవే వార్తలు. సెలవులకి వచ్చి బావిలో, చెరువులో, క్వారీ గుంతలో, పొలంలో తవ్విన ఫామ్ పాండ్‌లో. ఆ పాండ్‌లకి ప్లాస్టిక్ షీటు పరుస్తారు కదా, జారి పడిన పిల్ల పైకెక్కాలంటే పట్టు దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్లలోపు పిల్లలు. ఆ పిల్లల్లో చాలామంది ఈతకు వెళ్లినవాళ్లు కూడా కాదు, ఆడుకుంటూ ఇంటి దగ్గరి నీళ్లలో పడ్డవాళ్లు.

మన పక్కనే బంగ్లాదేశ్‌లో ఇంటికో చెరువు. అక్కడ పెద్దవాళ్లు పొలం పనుల్లో ఉండే పొద్దుటి పూట చిన్నపిల్లల్ని ఊళ్లోనే ఒకచోట చేర్చి, ఒక మనిషిని కాపలా పెట్టారు. అంతే చేశారు. ఆ పిల్లల్లో మునిగి చనిపోవడం ఎంతో తగ్గిపోయింది. కొంచెం పెద్ద పిల్లలకి ఊరి చెరువులోనే వెదురు తడికెలతో చిన్న వేదిక కట్టి ఈత నేర్పారు. ఖరీదైన పరికరం ఏదీ లేదు. చిన్నపిల్లలకి ఒక మనిషి కన్ను, పెద్ద పిల్లలకి ఈత. ఇది చదివినప్పుడు నాకు మామ మణికట్టుకి చుట్టిన చేదతాడు గుర్తొచ్చింది.

ఆ ఫ్లోట్లు ఎవరు కనిపెట్టారు

ఆ సంఘటన తర్వాత ప్యాకెట్ బయటికి తీసి చదివాను. ఎనిమిది భాషల్లో, చీమతలకాయంత అక్షరాల్లో హెచ్చరిక ఉంది. ఇది మునగకుండా కాపాడే సాధనం కాదు, పెద్దవాళ్లు దగ్గరుండి చూస్తున్నప్పుడే వాడాలి. తెలుగు లేదు, హిందీ లేదు. ముందు వైపు మాత్రం నవ్వుతున్న పిల్ల ఫొటో, పక్కన అమ్మానాన్నలు ఎవరూ లేరు.

ఈ ఫ్లోట్లని 1960లలో జర్మనీలోని హాంబర్గ్‌లో బెర్న్‌హార్డ్ మార్క్‌విట్జ్ అనే ఆయన తయారుచేశాడు. ఆయన చిన్న కూతురు చేపల కొలనులో పడి కొద్దిలో బతికింది. ఆ భయంలోంచి పుట్టిన వస్తువు ఇది. అది చదివాక ఆయన మీద నాకు కోపం పోయింది. ఒక తండ్రి తన పిల్ల మునగకూడదనుకున్నాడు. మనం దాన్ని పిల్లకి ఈత నేర్పే వస్తువుగా, ఆ తర్వాత పిల్లని చూసుకునే ఆయాగా మార్చుకున్నాం.

లైఫ్ జాకెట్ వేరే సంగతి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగినప్పుడు మనం నెలల తరబడి లైఫ్ జాకెట్ల గురించి మాట్లాడుకున్నాం. పడవ ఎక్కితే పిల్లలకీ పెద్దలకీ జాకెట్ ఉండాల్సిందే, ఉక్కపోసినా తీయకూడదు. పిల్లలకైతే వాళ్ల బరువుకి సరిపడేది, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉండేది కావాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి పైకి రాకూడదు. నీళ్లలో పడాలనుకోని మనిషి కోసం తయారైనది అది. చేతి ఫ్లోట్లని దాంతో కలిపి చూడకండి. పిల్ల రెండు చేతులూ నిటారుగా పైకెత్తితే తడి చేతుల మీద నుంచి అవి జారి ఊడొచ్చేస్తాయి, వాల్వు సరిగ్గా మూయకపోతే గాలి పోతుంది. పసిపిల్లల మెడ చుట్టూ పెట్టే గాలి రింగుల సంగతి ఇంకా భయంగా ఉంటుంది. వాటివల్ల ఒక పసిబిడ్డ చనిపోయాక 2022లో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. ఇన్‌స్టాలో మాత్రం ఆ రింగులో తేలే బుజ్జాయిల వీడియోలకి లైకులు తగ్గలేదు.

నన్ను తడబడేలా చేసిన మాటలు

మా పూల్ కోచ్‌తో ఈ విషయం మాట్లాడాను. ఆయన నాతో పూర్తిగా ఏకీభవించలేదు. "మేడమ్, భయపడే పిల్ల గట్టు వదలదు. మొదటి వారం ఏదో ఒకటి కట్టకపోతే నేనేం నేర్పను?" అన్నాడు. నిజమే. మా పాప కూడా మొదటి రెండు రోజులు నా మెడ వదల్లేదు. ఆయన వాడేది ఫోమ్ బిళ్లలు, ఒక్కో చేతికి మూడు. పిల్ల కాళ్లు బాగా కొడుతోందనుకుంటే ఒకటి తీసేస్తాడు. తర్వాత కిక్ బోర్డ్ ఇస్తాడు, అది చేత్తో పట్టుకునే తేలే పలక కాబట్టి పట్టు వదిలితే ఏమవుతుందో పిల్లకి తెలుస్తుంది. ఆయన చెబుతుంటే మామ డబ్బాలో గ్లాసు గ్లాసు పోస్తున్నట్టే ఉంది నాకు. అక్కడ మా ఇద్దరికీ పేచీ లేదు.

ఇంకొకరు అడిగారు, "ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటం నయం కదా?" ఈ ప్రశ్న మీద నేను చాలా రోజులు ఆలోచించాను. పెద్దవాళ్లు ఎలాగూ చూడరనుకుంటే, అవును, నయమే. కానీ ఫ్లోట్లు ఉన్నాయి కాబట్టే పెద్దవాళ్లు చూడటం మానేస్తే? పోయిన వేసవి నా సంగతే తీసుకోండి. ఫ్లోట్లు లేకపోతే నేను కుర్చీలో కూర్చునేదాన్నే కాదు.

అన్నిటికంటే బరువైన మాట మా ఫ్లోర్‌లో ఉండే ఒకమ్మాయి అంది. "అక్కా, నాకు ఈత రాదు. పూల్‌లో దిగే బట్టలు వేసుకుంటే మా అత్తయ్య ఊరుకోరు. నువ్వు చెప్పేది నాలాంటి దానికి ఎలా కుదురుతుంది?" మన ఇళ్లలో ఎంతమంది తల్లుల మాట ఇది! నేను బావిలో నేర్చుకోగలిగింది మామ వల్ల, అది నా అదృష్టం. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే. కిడ్స్ పూల్ రెండడుగుల లోతు. చుడీదార్‌తోనే మోకాళ్ల పైదాకా దిగి నిలబడొచ్చు, ఈత అక్కర్లేదు. బట్టలు తడుస్తాయి, నైలాన్ బట్టలే వేసుకోవాలని ఎవరైనా అంటే నేను వచ్చి మాట్లాడతాను. రెండో రోజు నుంచి ఆ అమ్మాయి వస్తోంది. వాళ్ల బాబు ఇప్పుడు గట్టు పట్టుకుని మొహం నీళ్లలో పెట్టి బుడగలు ఊదుతున్నాడు. ఈతకి మొదటి పాఠం అదే, దానికి ఏ ఫ్లోటూ అక్కర్లేదు.

ఏ వయసులో మొదలుపెట్టాలన్న దాని మీద కూడా నాకు సందేహాలున్నాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏడాది నిండాక ఈత పాఠాలు మొదలుపెట్టొచ్చంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బడికి వెళ్లే వయసు పిల్లలకి నేర్పించమంటుంది. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: పాఠాలు నేర్చినా చిన్నపిల్లలు మునగరన్న హామీ లేదు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్లు ఉండాలి.

నేను అడిగింది

నిన్న రాత్రి అసోసియేషన్‌కి ఒక ఉత్తరం రాశాను. ఫ్లోట్లు తప్పనిసరి అన్న మాట తీసేయమన్నాను. దాని బదులు, ఎనిమిదేళ్లలోపు ప్రతి పిల్లకీ ఒక పెద్దమనిషి నీళ్లలో గానీ, చెయ్యందేంత దగ్గరలో మెట్టు మీద గానీ ఉండాలని పెట్టమన్నాను. ఫోన్ సంచిలో ఉండాలి. పెద్ద పూల్‌కీ కిడ్స్ పూల్‌కీ మధ్య ఉన్న ఆ అడుగు వెడల్పు గట్టు మీద చిన్న గేటుతో కంచె వేయమన్నాను. పూల్ మూసే వేళ తాళం. ఫ్లోట్లు తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోవచ్చు, అయితే అవి ఊడదీసిన క్షణం నుంచి బట్టలు మార్చేదాకా పిల్ల చెయ్యి వదలకూడదు. ఈ చివరిది ఏ పుస్తకంలోనూ చూడలేదు, నాకు జరిగిందాన్ని బట్టి రాశాను.

ఇవాళ సాయంత్రం దాకా జవాబు రాలేదు. సీ బ్లాక్ తాతగారొకరు మాత్రం లిఫ్ట్ దగ్గర ఆపి అడిగారు. "నీ ఉత్తరం మావాడు చదివి వినిపించాడమ్మా. నాకు మోకాళ్ల నొప్పి, నీళ్లలో నిలబడలేను. మనవణ్ణి తీసుకొచ్చేది నేనే. నేనేం చెయ్యను?" నాకు వెంటనే ఏమీ తోచలేదు. మెట్టు మీద కూర్చోండి అన్నాను.

ఆరు గంటలకి పాపతో కిందికి వెళ్లేసరికి ఆయన కిడ్స్ పూల్ రెండో మెట్టు మీద పంచె పైకి కట్టుకుని, పిక్కల దాకా నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చున్నారు. మనవడు ఆయన మోకాలు పట్టుకుని కాళ్లు టపటపా కొడుతున్నాడు. ఫ్లోట్లు పక్కన గట్టు మీద ఆరుతున్నాయి. నేను పాపని ఎత్తుకుని మెట్లు దిగాను. దాని పొట్ట కింద చెయ్యి పెట్టాను. "నీళ్లు పట్టుకుంటాయా అమ్మా?" అని అడిగింది. "ఇప్పుడు నేను పట్టుకున్నాను" అన్నాను.